తెగిన తెల్లగీత

అన్యాయం జరిగినది ఎవరికి? ఒక పైలట్‌కు. ఏ విధంగా? వేగం చూసుకోకుండా విమానాన్ని కూల్చాడని విచారణ సంఘం నేరమంతా అతని నెత్తిన రుద్దింది. చనిపోయినవాడు ఎదురు చెప్పలేడు కదా!

అతని చెల్లెలు గూఢచారి. శాఖలో ఆమెను పిచ్చుక అంటారు.

"ఫ్లైట్ సిమ్యులేటర్‌కు విమానాల మోడల్స్ చేసే దుకాణం అది," అన్నాడు చీఫ్. "వెనకున్నది విదేశీ ముఠా. ఇవాళ శాంతి చర్చలకు వెళ్లే మన విమానం కాక్‌పిట్ ఫొటోలు వాళ్లకు చేరాయి. ఎవరిచ్చారో తేల్చు. ముఠాలో మన ఏజెంట్ నెమలి ఉంది, సాయం చేస్తుంది."

పాత డయల్స్ అమ్మే ముసలమ్మ వేషంలో, చీఫ్‌కు అన్నీ చేరవేసే కెమెరా, మైకు దాచిన కళ్లద్దాలతో పిచ్చుక తలుపు తట్టింది.

"గాజు దేనితో తుడుస్తారు?"

"పొడిగుడ్డతో."

కోడ్ సరిపోయింది. మోడలర్ తలుపు తీశాడు.

"మాన్యువల్‌లో బొమ్మలు నాకొద్దు పెద్దమ్మా! అసలు ప్యానెల్ ఫొటో కావాలి. మరకుంటే మరక, గీతుంటే గీత, అన్నీ దించేస్తా. ఇదిగో, ఆ కూలిన విమానం."

అన్నయ్య విమానం! పిచ్చుక సిమ్యులేటర్ సీట్లో కూర్చుంది.

వేగం చూపే మీటర్‌లో, ఇంతకంటే తగ్గితే ప్రమాదమని తెలిపే గుర్తు గాజుమీద ఉంటుంది. గాజు తిరిగితే గుర్తూ జరుగుతుంది. అందుకే మెకానిక్‌లు గాజుమీదనుంచి అంచుమీదకు సన్నని తెల్లగీత గీస్తారు. గీత తెగి కనిపిస్తే, గాజు జరిగినట్టు.

ఇక్కడ గీత తెగి ఉంది.

"ఈ ఫొటో ఎవరిచ్చారు బాబూ?"

"నెమలి మేడమ్. విమానం కూలకముందే తెచ్చారు. పొద్దున ఇంకొకటి తెచ్చారు, చూడండి."

తెరమీద శాంతి బృందపు విమానం. అందులోనూ గీత తెగి ఉంది.

వెనుక అత్తరు వాసన, వీపుకు పిస్టల్.

"మీ అన్నయ్యా నీలాగే అన్నీ తేరిపార చూసేవాడు," అంది నెమలి. "నేను గాజు తిప్పి, పాత గీత తుడిచి, కొత్త గీత గీసేశాక ఏం కనబడుతుంది, పాపం!"

"గీయకముందు ఫొటో ఎందుకు తీశావే?"

"పైలట్ మోసపోతాడో లేదో ఇక్కడ రిహార్సల్ చూడొద్దూ? గీత మళ్లీ గీసేదాకా ఆగే తీరిక లేదు. వీడేమో ఫొటో ఫొటో అని ప్రాణం తీశాడు."

"చీఫ్, విన్నారుగా? విమానం ఆపండి!" అంటూ పిచ్చుక థ్రాటిల్ పూర్తిగా వెనక్కు లాగింది. సిమ్యులేటర్‌లో వేగం పడిపోయి, ప్రమాద హెచ్చరిక గదంతా అరిచింది. నెమలి ఉలిక్కిపడిన ఆ క్షణంలో పిస్టల్ పిచ్చుక చేతికి మారింది.

రన్‌వే మీద పరుగందుకున్న విమానం, ముందు చక్రం లేవబోతుండగా ఆగింది.

అన్నను దోషి అన్న ఆ హాలులోనే, అదే విచారణ సంఘం అధ్యక్షుడు నిలబడి, "పైలట్ నిర్దోషి" అని చదివాడు. పిచ్చుక చివరి అక్షరం వరకు విన్నది. అన్నకు ఈ లోకం పడిన బాకీ పూర్తిగా తీరింది.

బయట, బేడీలతో ఉన్న మోడలర్ దీనంగా అడిగాడు: "నా మోడల్‌లో తప్పేమిటండీ?"

"ఒక్కటీ లేదు నాయనా. అందుకేగా దొరికిపోయారు!"