నెత్తురు పాత్ర దక్కని తమ్ముడు

తూర్పు సముద్రాల నడుమ, కొబ్బరి తోపులు అలల దాకా దిగివచ్చిన సుమిలన్ దీవి ముంగిట, సిలువ గుర్తు తెరచాపల స్పెయిన్ నౌకలు బారులు తీరి నిలిచి, ఏటి మొగనున్న దుంగల కోటపై ఫిరంగి గుండ్లు కురిపిస్తూ ఉండగా, బురుజు మీద నిలిచిన మంత్రి మలింగుని చూపు మాత్రం శత్రువు మీద లేదు. దిగువన సేనాపతి సిగాతన్ భుజంపై చేయివేసి నవ్వుతున్న తన అన్న, ఆ దీవి ఏలిక బలిందాన్ మీద ఉంది. ఆ చేయి తన భుజంపై ఎన్నడైనా పడిందా?

ఆ దీవులలో ఒక ఆచారముండేది. ఇద్దరు వీరులు చేతులపై గాట్లు పెట్టుకుని, ఆ నెత్తురును కల్లులో కలిపి ఒకే పాత్రతో తాగితే, నాటినుండి వారు తోడబుట్టినవారి కన్న మిన్న. ఒకరి ఇంటిపై మరొకరు కత్తి ఎత్తరాదు. బలిందాన్ ఆ పాత్రను పడవవాని కొడుకైన సిగాతన్‌తో పంచుకున్నాడు. తనకూ ఇమ్మని మలింగుడు సిగ్గు విడిచి అడిగితే, "ఒక తల్లి కడుపున పుట్టాం. మన నెత్తురు కలిసే ఉంది గదా, మళ్ళీ కలపడమెందుకు తమ్ముడా?" అని తేలిగ్గా నవ్వేశాడు. పాపం, ఆయన మనసులో కల్మషం లేదు. కాని ఆ నవ్వు మలింగుని కడుపులో కుంపటి రాజేసింది. సిగాతన్ కంటబడితే చాలు, అతనికి ముద్ద దిగేది కాదు.

చివరకు రాయబారమనే నెపంతో అతడు స్పెయిన్ వారి ఓడ ఎక్కాడు. దళపతి దోన్ ఎస్తెబాన్ ఎదుట గాటు పెట్టుకుని పాత్ర చాచాడు. ఆ దొర వెనుకాడకుండా తన చేయీ కోసుకుని తాగాడు.

"ఇక నీవు నా సోదరుడవు. నా అన్న నీకూ అన్నే. కోటకు ఏటి వైపునున్న నీటి ద్వారం నేను తెరుస్తాను. సిగాతన్‌ను ఓడలో ఎక్కించుకుని ఎటైనా తీసుకుపో. అన్నకు నేనొక్కణ్ణే మిగలాలి," అన్నాడు మలింగుడు.

"అలాగే సోదరా," అన్నాడు దొర, దుబాసి నోట.

మలింగుడు నమ్మాడు. ఒకరి నెత్తురు తాగి కూడా మనిషి అబద్ధమాడగలడని ఆ దీవిలో పుట్టినవాడు ఊహించలేడు.

మరునాడు సముద్రపు పోటు వేళ అతడే ఆ ద్వారం గడియ తీశాడు. పడవలు లోనికి దూసుకువచ్చాయి. ఇళ్ళు అంటుకున్నాయి. ఆడా మగా తేడా లేకుండా కూలారు. కత్తి విరిగాక కూడా సిగాతన్ ఏలికకు అడ్డుగా నిలిచి పోరాడాడు. కడకు ఇద్దరినీ కట్టి పడేశారు.

"సోదరా, ఆపు! మనం పాత్ర పంచుకున్నాం!" అని మలింగుడు పరుగెత్తాడు.

"ఆ పాత్ర తాగి నీవు మా రాజుకు లోబడ్డావు. మేమెరిగిన అర్థం అదొక్కటే," అన్నాడు దొర. "ఈ ఇద్దరికీ మరణం. నీవు మా తరఫున కప్పం వసూలు చేస్తావు."

సిగాతన్ తల ఎత్తాడు. "ప్రభూ, ముందు నన్ను పోనివ్వండి. మీ నెత్తురు నేల రాలడం చూడలేను."

"కలిసే పోదాం," అన్నాడు బలిందాన్.

ఆ మాట మలింగుని గుండెలో దిగింది. అన్నతో కలిసి చావడం కూడా ఆ పడవవాని కొడుక్కేనా! అతడు దొర కాళ్ళమీద పడ్డాడు.

"వాడెవడు దొరా? తమ్ముణ్ణి నేను! ఆయన పక్కన చావు నాది. వాణ్ణి వదిలి నన్ను కట్టండి!"

దుబాసి బలిందాన్ వైపు తిరిగి, ఇతడు నీ తమ్ముడన్నది నిజమేనా అని అడిగాడు. గడియ తీసిన చేయి ఎవరిదో బలిందాన్ అంతకుముందే కళ్ళారా చూశాడు. మలింగుని వంక చూసి, కట్లతోనే ఒరిగి సిగాతన్ భుజానికి తన భుజం ఆనించాడు.

"నాకు ఒక్కడే తమ్ముడు. ఇతడు."

కత్తులు లేచాయి.

మలింగుడు స్పెయిన్ వారి తరఫున చాలాకాలం ఆ దీవిని ఏలాడు. అన్న ఆ మాట తనను బతికించడానికి అన్నాడో, వెలివేయడానికి అన్నాడో అతనికి ఎన్నటికీ తెలియలేదు. చెప్పగలిగిన ఇద్దరూ ఒకే గోతిలో ఉన్నారు. ఆ గోతిని చూసినా అతనికి కడుపు మండేది.