తూనీగలు కిందికి దిగిన పూట

"తూనీగ!" అన్నాడు ఇక్బాల్, పెరటి గోడ మీదుగా వేలు చూపిస్తూ.

"థూ, నీ... అంటాండావా? నన్నా?" అవతల హజరాబీ చీపురు తిరగేసింది.

చెవులు సరిగా వినపడని ముసలామెకు చెప్పేదెట్లా? ఇక్బాల్ గదిలో దూరాడు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటేడు అతను పులివెందుల నుంచి ప్రొద్దుటూరు హైస్కూలుకు సైన్సు మాస్టరుగా వచ్చాడు. అతని అద్దె గదికీ, హజరాబీ కొడుకు దూదేకుల రహమతుల్లా పెరటికీ మధ్య నడుమెత్తు గోడ. గోడకవతల బావి, బావి నీళ్ళు పారి నిలిచిన మడుగు. అందులో కప్పలు, నీటి మీద పరుగెత్తే పురుగులు, తుంగ కొసల మీద ఎర్ర తూనీగలు. వాటిని చూడందే ఇక్బాల్‌కు టీ దిగేది కాదు.

చిక్కేమిటంటే, రహమతుల్లా కూతురు మైమూన్ నీళ్ళు తోడేదీ ఆ వేళకే.

అయ్యవారు తిట్టాడని తల్లి చెప్పగా, దూది ఏకే రహమతుల్లా ఆ సాయంత్రం ఇక్బాల్‌ను ఏకాడు.

"ఏం అయ్యవారూ, దినామూ గోడకాడ ఏం పని నీకు?"

"తూనీగలు చూస్తాండా మామా."

"తూనీగలకు జడ ఉంటాదా? రేపు జుమ్మా నమాజు కాంగానే గోడ రెండాళ్ళెత్తు లేపిస్తా. ఇటుకలు గూడా వచ్చినాయి."

ఆ ఇటుకలన్నీ ఇక్బాల్ గుండె మీద దించినట్టయింది. గోడ లేస్తే మడుగు పోతుంది, మైమూనూ పోతుంది. మొదట్లో చూసింది తూనీగలనే, ఒట్టు. ఈ మధ్యే చూపు కాస్త పక్కకు వాలుతోంది.

శుక్రవారం పొద్దున ఆఖరిసారని వెళ్ళాడు. ఎండ ఫెళ్ళున కాస్తోంది. తూనీగలన్నీ గుంపుగా మడుగును రాసుకుంటూ తిరుగుతున్నాయి. తలెత్తితే రహమతుల్లా మిద్దె మీద తెల్లగా దూది. జమ్మలమడుగు పెండ్లివాళ్ళ పరుపులకని ఆరబోసింది.

"మైమూన్! దూది దించు, వానొస్తాది!"

వీధంతా విన్నది. వాన మాట ఎవరికీ ఎక్కలేదు. అయ్యవారు ఆడపిల్లను పేరుపెట్టి పిలిచాడు, అంతే! రహమతుల్లా దూదేకే విల్లుతోనే వచ్చాడు.

"ఈ ఎండలో వానా? ఎవురు చెప్పినారు?"

"తూనీగలు మామా. చెనిక్కాయలు ఎండబోసినప్పుడు మాయమ్మ వాటినే చూస్తాది. అవి కిందికి దిగితే వానే."

గుంపు నవ్వింది. మైమూన్ నవ్వలేదు. అప్పటికే మిద్దె మీద గోతాల్లో దూది తొక్కుతోంది. ఇక్బాలూ గోడ దూకి నిచ్చెన ఎక్కాడు. చివరి గోతం వసారాలో పడిందో లేదో, వాన పడింది. రహమతుల్లాకు పరుపులూ దక్కాయి, పరువూ దక్కింది.

వసారాలో ఇరుక్కున్న వీధి జనమంతా వినేట్టు మైమూన్ అంది: "ఆయప్ప చూసేది తూనీగల్నే నాయనా! నేను గాజులు మార్చి, పూలు మార్చి నీళ్ళు తోడినా. ఒక్కనాడన్నా తల తిప్పింటే గదా!"

"తిప్పినా," అన్నాడు ఇక్బాల్ మెల్లగా. "నువ్వు అటు తిరిగినప్పుడు."

"ఏమంటాండాడు?" అంది హజరాబీ.

"తూనీగ అన్నాడంట అమ్మా! నిన్ను తిట్టలే!" రహమతుల్లా ఆమె చెవిలో అరిచి, ఇక్బాల్ వైపు తిరిగాడు. "మీ అమ్మానాయన్ను పిలిపించప్పా. గోడ లేపేది లేదు. కొట్టి వాకిలి పెట్టిస్తా."