బరువు తెలియని కాలు

మొగులయ్య బిడ్డకు చదివి చదివి మతి తప్పిందని, తుంటి విరిగిన తండ్రి భుజాన మూట కట్టి నిలబెట్టిందని పక్కింటి వజీరున్నీసా అన్నదట. పాలు పోస్తూ దస్తగీర్ ఆ మాట చేరవేశాడు. గిన్నె పట్టుకొని లోపలికి వచ్చిన మొగులయ్య భార్య మాణిక్యమ్మ దానికి ఇంకాస్త కారం అద్దింది.

"శాలిబండ బస్తంత నవ్వుతున్నదే స్వీటీ! ముసలోనితోని హమాలీ చేయిస్తున్నవంట."

"మూట గాదమ్మా, కిలో ఉల్లిగడ్డల సంచి. రాడ్డు ఏసినంక కాలు మీద బరువు మోపాలెనని డాక్టరే చెప్పిండు గదా."

ఆ మాట చెవిన పడి జోయెల్ తువ్వాలుతోనే బయటికొచ్చాడు. కార్వాన్ గోదాముల్లో బస్తాలు మోసి తనను చదివించిన తండ్రిని ఇక గ్లాసు కూడా ఎత్తనివ్వనని ప్రార్థనలో మొక్కుకున్న కొడుకు అతను. ఆపరేషన్ అయిన నాటి నుంచి ఆయనను మంచం మీంచి స్నానాల గదికి చేతుల మీదే మోస్తున్నాడు.

"బాపు జిందగీల మోసింది సాలలేదానే నీకు?"

"అన్నా, మా ల్యాబుల ఎముకల మూలకణాలను మిషన్ల తిప్పుతం, అంతరిక్షంల లెక్క బరువు తెల్వకుండ. ఎముక కావాల్సినయి మస్తుగ కొవ్వుగ మారుతున్నయ్. ఈ మంచం గూడ గసొంటిదే. బరువు పడకుంటే తనకు పనున్నదని ఎముకకు ఎట్ల తెలుస్తది?"

"బాపు నీ ల్యాబుల సీసానా?"

స్వీటీకి చురుక్కుమంది. నిన్న తండ్రి మోకాళ్లు వణికినప్పుడు తనకూ గుండె జారింది. కానీ ఇప్పుడు నిలబడకపోతే ఇక ఎప్పటికీ లేవడేమోనన్న భయం అంతకన్నా పెద్దది.

"ఒక్కటి చెప్పన్నా. మొదట్ల ఎత్తినప్పుడు ఎట్లుండె, ఇప్పుడు ఎట్లున్నడు?"

జోయెల్ తన చేతుల వంక చూసుకున్నాడు.

"సంటిపోరని లెక్క తేలికగున్నడు." చేతులు దించాడు. "నాకే ఎత్తుడు అలవాటైందనుకున్న."

మాణిక్యమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. ఇంతసేపూ తన మీద జరిగిన పంచాయితీ పడుకొని విన్న మొగులయ్య కిటికీ ఊచ అందుకున్నాడు. రెండు పాదాలూ బండ మీద ఆనించి, పళ్లు బిగించి లేచాడు. కాళ్లు గజగజలాడాయి గానీ నిలిచాయి. జోయెల్ ఒక్క అంగలో చేరి చేతులు చాచాడు.

"బాపూ, పడ్తే?"

"పడ్తే పట్టుకో. ఎత్తుకోకు."