అత్తగారి ఏడాది పాసు

శనివారం పొద్దున్నే హోటల్ వాళ్ళు ఫోన్ చేసి ఉండకపోతే ఆ ఇంట్లో గొడవే ఉండేది కాదు. అప్పటికి కోడలు బట్టలన్నీ సర్ది బ్యాగు జిప్పుతో కుస్తీ పడుతోంది. కొడుకు కారు టైర్లలో గాలి కొట్టించుకుని వచ్చాడు. వాళ్ళ కూతురు, అందరూ బుడ్డది అని పిలిచే పిల్ల, ఈత దుస్తులతో హాల్లో గంతులేస్తోంది. అత్తగారు మాత్రం వంటింట్లో తోమిన గిన్నెలే మళ్ళీ తోముతోంది. వాళ్ళు ముగ్గురూ వెళ్ళిపోతే ఒక్కదానికోసం వండుకోబుద్ధి కావడం లేదు మరి.

ఊరి చివర ఉన్న థీమ్ పార్కుకు ఆమె దగ్గర ఏడాది పాసు ఉంది. కోడలు నర్సు, కొడుకు లిఫ్టుల మెకానిక్. ఇద్దరికీ ఆదివారం సెలవుండదు కాబట్టి బుడ్డదాన్ని పార్కులో తిప్పేది నానమ్మే. ఎన్నాళ్ళకో ఇద్దరికీ ఒకేసారి సెలవు దొరికింది. పార్కు హోటల్లో పాసు ఉన్నవాళ్ళకు గదులు దాదాపు సగం ధరకే ఇస్తున్నారని తెలిసి, కోడలు అత్తగారి పాసు నంబరు కొట్టి గది బుక్ చేసేసింది. చెప్పకుండా చేసిందా అంటే, లేదు. చెప్పింది, రమ్మని ఒక మాట అంది కూడా. అక్కడే ఉంది తిరకాసంతా.

ఫోన్లో హోటల్ అమ్మాయి మర్యాదగానే చెప్పింది. పాసు ఎవరి పేరున ఉందో ఆ మనిషే వచ్చి పాసు చూపించాలట, ఆ గదిలోనే దిగాలట. లేదంటే పూర్తి ధర కట్టాలి. బుక్ చేసేటప్పుడు ఆ షరతు తెర మీద ఉండే ఉంటుంది, చదివే ఓపిక ఎవరికుంది?

కోడలి మొహంలో నెత్తురు చుక్క లేదు. మొగుడూ పెళ్ళాం పడకగదిలో గుసగుసలాడుకున్నారు. పూర్తి ధరంటే చేతిలో లేదు. మానేద్దామంటే బుడ్డది ఇల్లు పీకి పందిరేస్తుంది. చివరికి కొడుకు వంటింట్లోకి వెళ్ళి, అప్పుడే గుర్తొచ్చినట్టు, తల్లిని కూడా రమ్మన్నాడు.

ఎందుకూ ఏమిటీ అని ఆమె అడగలేదు. చేతులు తుడుచుకుని, ఇస్త్రీ బట్టలు వేసుకుని, మాత్రల డబ్బా సంచిలో పడేసుకుని ఇట్టే తయారైపోయింది. ఆమె మొహం అంతలా వెలిగిపోవడం చూసి చాలా కాలమైంది.

బుడ్డదాని నోట్లో నువ్వుగింజ నానదు. "నానమ్మ రాకపోతే గది ఇవ్వరంట కదమ్మా, అందుకేనా పిలిచారు?" అంది.

అత్తగారు సంచి కింద పెట్టింది. పాసు బయటకు తీసి బల్ల మీద ఉంచింది.

"మీరు పిలిచింది నన్నా, దీన్నా?"

కొడుకు గోడవైపు తిరిగి ఏదో గొణిగాడు. కోడలికి రోషం వచ్చింది. "పోయిన వారం నేను అడిగాను కదత్తయ్యా. నేనెందుకులే అన్నది మీరే."

"అన్నాను. ఇంకోసారి అడుగుతావని అన్నాను."

అత్తగారు పెరిగిన ఇంట్లో మొదటి పిలుపుకే సరేనంటే ఆశపోతు అనేవాళ్ళు. రెండోసారి పిలిచేదాకా బెట్టు చేయడమే మర్యాద. కోడలి పుట్టింట్లో నలుగురు అన్నదమ్ములు. ఒక్కసారి వద్దంటే అక్కడ కంచం మాయమైపోతుంది. ఇన్నేళ్ళు ఒకే కప్పు కింద ఉన్నా ఈ తేడా ఇద్దరికీ తట్టలేదు. కొడుక్కి తెలుసు, మహానుభావుడు, బద్ధకించి చెప్పలేదు.

"అయితే సినిమాకి, మా చెల్లెలి ఇంటికి, అన్నిటికీ వద్దన్నది కూడా ఇలాగేనా?" కోడలి గొంతు తగ్గింది.

"మీ చెల్లెలి ఇంటికి నిజంగానే వద్దు," అంది అత్తగారు. ఎవరూ నవ్వలేదు. "ఆదివారం ఆదివారం బుడ్డదీ నేనూ ఆ హోటల్ ముందు బెంచీ మీద కూర్చుంటాం. మన నలుగురం ఒకసారి అందులో ఉందామని దీనికి మాటిచ్చాను. చివరికి వెళ్ళేది నా పేరు, ఇంట్లో ఉండేది నేను."

కోడలికి ఏడుపు తన్నుకొచ్చింది. ఆ మర్యాద తెలియకే రెండోసారి అడగలేదంటే సరిపోయేది, కానీ అది అబద్ధం.

"మీరు వద్దనగానే హమ్మయ్య అనుకున్నానత్తయ్యా. మేం ముగ్గురమే వెళ్ళొచ్చని. రెండోసారి అడగంది అందుకే." ఆమె పాసు తీసి సొరుగులో పెట్టి మూసేసింది. "ఇది ఇక్కడే ఉండనీండి. పూర్తి ధరే కడదాం, నా తిప్పలేవో నేను పడతాను. మీరు రండి."

అంత డబ్బు ఎక్కడిదని అనబోయిన కొడుకు, పెళ్ళాం మొహం చూసి నోరు మూసుకున్నాడు.

అత్తగారు చేతికి దొరికిన వంటింటి గుడ్డతోనే కళ్ళు ఒత్తుకుంది. తర్వాత సొరుగు లాగి, పాసు తీసి సంచిలో వేసుకుంది. సగానికి వచ్చేదాన్ని పూర్తి ధర పోసి కొంటావా, బుద్ధుందా అని కోడలి నెత్తిన చిన్నగా ఒక మొట్టికాయ వేసింది. గడప దాకా వెళ్ళి ఆగింది.

తనకు ఫలానాది కావాలని ఆమె నోరు తెరిచి అడగడం ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ వినలేదు.

"కిటికీ పక్క మంచం నాకు కావాలి," అంది, ఎవరివైపూ చూడకుండా.

కోడలు కళ్ళు తుడుచుకుంటూ సంచి అందుకుంది. "మీదే."