ఏడో చోటి బురద

ట్యునీషియాలోని బిజెర్త్ సరస్సులో ఆల్చిప్పల పెంపకపు తాళ్ళకు చిక్కుకుని గజఈతగాడు హమ్మాదీ శవం తేలింది. ఊపిరి గొట్టాన్ని ఎవరో కోసేశారు. చనిపోయే ముందు అతను తొమ్మిది చోట్ల అడుగు బురద తీసి, సీసాల మీద నంబర్లు వేసి ఒడ్డుకు చేర్చాడు. ఆ తొమ్మిదిలో ఒకచోట విదేశీ ముఠా నలభై పాదరసం డబ్బాలు దాచింది. నెలలుగా ఒకటి కారుతోంది.

శవం దొరికిన నాలుగో రోజు ఉదయం పదిన్నర. ఏజెంట్ నేజీ జాలరి వేషంలో గస్తీ పడవ ఎక్కాడు. పదకొండుకి ముఠా ఓడ గొలుసులేసి డబ్బాలు లాగేస్తుంది. పట్టుజారి నాలుగు పగిలినా సరస్సును నమ్ముకున్న ఊళ్ళకు విషమే తిండి. గాలించడానికి టైమ్ ఉన్నది ఒక్క చోటికే.

"మూడు," అంది డాక్టర్ సిరీన్, నల్లకళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి. ముఠాలో ఉంటూ నేజీ వాళ్ళకు రహస్యంగా కబుర్లు చేరవేసే అందగత్తె. పాదరసం తగిలితే వెలిగే బాక్టీరియా ఉన్న గొట్టంలో మూడో నంబర్ బురద వేసి, నల్లగుడ్డ కప్పి చూపించింది. లోపల నీలి వెలుగు.

"చూశావుగా? ఇంకా ఏం ఆలోచిస్తావోయ్?"

"మరి మిగతావి? ఏడు?"

"నిన్నే చూశాను. వెలగలేదు."

నేజీ ఫోన్ మోగింది. ప్రతి సీసాలోంచి చెంచాడు బురద అతను ముందే రహస్యంగా, ఖాల్తీ అంటే పిన్నీ అని తను పిలిచే జొహ్రాకిచ్చాడు. ముప్పై ఏళ్ళుగా ల్యాబ్‌లో పనిచేస్తున్న మనిషి.

"నాయనా, హరీసా కారప్పచ్చడి ఘాటెక్కింది," అంది. మోసం జరిగిందన్న కోడ్.

"చెప్పు ఖాల్తీ."

"మూడులో పాదరసం ఎవరో సీసా ఒడ్డుకొచ్చాక కలిపారు. పాదరసం పూసిన పళ్ళెంలో వేస్తే దాని సూక్ష్మజీవులు చచ్చూరుకున్నాయి. ఏడులోవి దిట్టంగా పెరిగాయిరా! ఆ విషంలో నెలల తరబడి బతికి రాటుదేలాయి."

ఆ మాటలు పక్కనున్న సిరీన్‌కీ వినిపించాయి. ఆమె లిప్‌స్టిక్ గొట్టం నేజీ మెడకు ఆనింది. దాని లోపల తూటా.

"పడవ మూడుకే వెళ్తుంది," అంది సిరీన్ మెల్లగా.

నేజీ పక్కకి ఒరిగి చుక్కానిని ఒక్క తన్ను తన్నాడు. పడవ గిర్రున తిరిగింది. తూటా అతని చెవి పక్కగా దూసుకుపోయింది. సిరీన్ పడవలోని తాళ్ళ చుట్ట మీద పడింది.

"ఏడుకి పోనీ!" అని నేజీ అరిచాడు.

పది యాభై తొమ్మిదికి గస్తీవాళ్ళు నీళ్ళలో దూకారు. ముఠా కొక్కెం డబ్బాల వలను అప్పుడే పట్టుకుంది. అడుగు నుంచి జానెడు లేవకముందే గస్తీవాళ్ళు గొలుసు కోసేశారు.

సాయంత్రం నేజీ పై అధికారి కల్నల్ బషీర్ రిపోర్టు ముందేసుకుని గొణిగాడు. "సాక్షుల పేర్లు రాయాలయ్యా. ఎవర్ని రాయను?"

"ఏడో సీసా చెంచాడు బురదలో కోట్లమంది ఉన్నారు సార్," అన్నాడు నేజీ. "అందరి సంతకాలూ కావాలంటే మాత్రం నాకు సెలవు ఇప్పించండి."