గురువారపు పంటినొప్పి

గురువారం సాయంత్రం నాలుగు గంటల పది నిమిషాలు. పడమటి గాలి, సన్నని వాన. మూడంతస్తుల మేడలో పైఅంతస్తున, మానసిక వైద్యురాలి గది బయట, అన్నిటికన్నా మూలనున్న కుర్చీ చూసుకుని కూర్చుంది లెక్కల టీచరు. తలెత్తేసరికి ఎదుటి కుర్చీలో, నీళ్ళు కారుతున్న గొడుగుతో వాళ్ళ బడి సైన్సు మాస్టారు.

"మీరా?"

"నేను పంటి డాక్టరు దగ్గరికి వచ్చానండీ," అన్నాడతను గబగబా. "లిఫ్టు తప్పు ఫ్లోర్‌లో ఆగింది."

ఆమె లెక్క వేసుకుంది. బడి సెలవు రిజిస్టరులో అతని పేరు పక్కన, కారణం గడిలో, ప్రతి గురువారం అదే మాట.

"పదకొండు గురువారాల నుంచి పంటినొప్పే కదా మాస్టారూ. ఇంకా నోట్లో ఏమైనా మిగిలాయా?"

అంతలో నర్సు తలుపు తీసింది. "ఏడో నంబరు, రండి. పోయినసారి రాసిన మాత్రలతో నిద్ర పడుతోందా?"

అతని చెవులు ఎర్రబడ్డాయి. ఎన్నో వారాల తర్వాత ఆమెకు నవ్వొచ్చింది.

ఇద్దరూ కిందికి వచ్చేసరికి వాన పెద్దదైంది. ఒకే గొడుగు.

"మీకేమైంది?" అని అడిగాడు.

"బోర్డు ముందు నాలుగు నిమిషాలు కొయ్యబారిపోయాను. ఏడెనిమిదులు ఎంతో గుర్తు రాలేదు. పిల్లలు తమాషా అనుకుని నవ్వారు. తర్వాత నవ్వడం మానేశారు."

ఆ నాలుగు నిమిషాలు ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఇద్దరు టీచర్లు ఉద్యోగం మానేశారు. వాళ్ళ చోట ఎవరినీ వేయలేదు. వాళ్ళ పీరియడ్లు ఈమె నెత్తిన పడ్డాయి. తరగతికి అరవై రెండేసి నోటుపుస్తకాలు ఇంటికి నడిచొచ్చాయి. నిద్ర పోయింది, ఆ వెనకే ఎక్కాలూ పోయాయి.

"నాకైతే ఆదివారం మధ్యాహ్నానికే సోమవారం మొదలవుతుంది," అన్నాడతను. గొడుగు మొత్తం ఆమె వైపే వంగి ఉంది. అతని ఎడమ భుజం తడిసి ముద్దయింది. "రిజిస్టరులో మాత్రం కడుపునొప్పి అని రాయండి మేడమ్. పంటినొప్పి నాది."

"మీ నొప్పులు మీరే ఉంచుకోండి," అందామె.

మర్నాడు ఉదయం తన గడిలో గుండ్రటి అక్షరాలతో 'మానసిక వైద్యురాలి సంప్రదింపు' అని రాసింది. పదింటికి హెడ్మాస్టరు కబురు పెట్టారు. బల్ల మీద రిజిస్టరు, దాని మీద వైట్‌నర్ సీసా. ల్యాబు సామాన్ల జాబితా మీద సంతకం కోసం సైన్సు మాస్టారు అప్పటికే అక్కడ నిలబడి ఉన్నాడు.

"జ్వరమని రాసెయ్యమ్మా."

"జ్వరం లేదు సర్."

"తల్లిదండ్రుల చెవిన పడితే పిచ్చి టీచరంటారు. నీ మంచికే చెబుతున్నా. సాయంత్రంలోగా దిద్దకపోతే పదో తరగతి నీ దగ్గర ఉంచలేను."

మూడేళ్ళుగా ఆమె చేతిలో పెరిగిన తరగతి అది.

"మెట్ల మీద పడి కాలు విరిగితే మీరే బత్తాయిలు పట్టుకుని చూడటానికి వచ్చేవారు సర్. రోజుకు ఎనిమిది పీరియడ్లు మీరు మోపితే విరిగినది మాత్రం బయటికి చెప్పకూడదా? మోపినవారికి లేని సిగ్గు మోసినదానికెందుకు?"

సైన్సు మాస్టారు జాబితాలోకే చూస్తూ నిలబడ్డాడు, నోరు మెదపలేదు. వైట్‌నర్ కన్నా ఆ మౌనమే ఆమెను ఎక్కువ మండించింది.

మధ్యాహ్నం స్టాఫ్‌రూమ్‌లో, ఆమె ఒక్కతే ఉన్నప్పుడు, అతను చంకలో రిజిస్టరుతో వచ్చాడు.

"నా చేత దిద్దించమని మిమ్మల్ని పంపారా?"

"నేనే దిద్దేశానండీ."

అతను పేజీ తెరిచాడు. పదకొండు పంటినొప్పులూ స్కేలు పెట్టి కొట్టేసి ఉన్నాయి. ఆమె రాసిన మాట చెక్కుచెదరలేదు. సరిగ్గా దాని కిందే, నిన్నటి పన్నెండో పంటినొప్పి ఉండాల్సిన చోట, పైదే అని చెప్పడానికి పెట్టే రెండు చిన్న గీతలు.

"ఉదయం నోరు పెగల్లేదు," అన్నాడు. "రాయడం కాస్త తేలిక."

"పెద్దాయన చూశారా?"

"చూశారు. పరీక్షలు నెల రోజుల్లో ఉన్నాయి. ఇద్దర్నీ తప్పిస్తే పదో తరగతికి లెక్కలెవరు, సైన్సెవరు అని వేళ్ళు మడిచి చూసుకున్నారు. వైట్‌నర్ సొరుగులోకి వెళ్ళిపోయింది."

"మీకు భయం వేయలేదూ?"

అతను చెయ్యి చాపాడు. వేళ్ళు వణుకుతున్నాయి. ఆ వణుకు ఆగేదాకా అని ఆమె పట్టుకుంది. ఆగాక కూడా వదల్లేదు.

"వచ్చే గురువారం నాది ఏడో నంబరే," అన్నాడతను నేల చూపులతో. "మీకు ఎనిమిది చెప్పనా?"

"చెప్పండి. మీ పని కాగానే వెళ్ళిపోకండి, నా కోసం ఆగండి."

"ఏడెనిమిదులు ఎంతండీ మేడమ్?"

"యాభై ఆరు," అందామె. "ఎగతాళి చాలించి ఆ గొడుగు తెచ్చుకోవడం గుర్తుంచుకోండి."

రెండేళ్ళకు వాళ్ళిద్దరూ పెళ్ళి చేసుకున్నారు. మరో నాలుగేళ్ళకు ఆ బడి అచ్చు వేయించిన కొత్త సెలవు రిజిస్టరులో కారణం గడి లేదు.