తెరేసమ్మ గారి గేటు

పటమటలో మా వీధికి రెండు దార్లు. ఒకటి కాలవ రోడ్డు మీంచి చుట్టూ తిరిగొచ్చేది. రెండోది మెయిన్ రోడ్డు నుంచి సందులోంచి నేరుగా వచ్చేది. కానీ చీకటి పడిందంటే మాత్రం దారి ఒక్కటే... కాలవ రోడ్డు. ఎందుకంటే ఆ సందు మధ్యలో తెరేసమ్మ గారి ఇల్లుంది.

ఆవిడ పోయి చాలా ఏళ్లయింది. పిల్లల్లేరు. చుట్టాలంతా కోర్టుకెక్కారు, ఇంటికి తాళం పడింది. కరెంటు మీటరు కూడా ఎప్పుడో పీక్కుపోయారు. మిగిలిందల్లా పెద్ద ఇనప గేటు, గేటు మీద ఇనప ఆర్చి, దాన్ని కనబడకుండా కమ్మేసిన కాగితం పూల చెట్టు.

బతికున్న రోజుల్లో ఆ గేటంటే ఆవిడకి ప్రాణం. పిల్లలెవరైనా పట్టుకుని ఊగితే చాలు — "గేటు ముట్టుకోకు!" అని వరండాలోంచి ఒకటే కేక. వీధంతా ఉలిక్కిపడేది.

పోయినేడు వానాకాలంలో, కూరల బసవయ్య రాత్రిపూట ఆ సందులోంచి వచ్చాడు. వానొస్తే సందు మునుగుతుంది. గేటు ముందు డ్రైనేజీ మీద ఎత్తుగా రాతి పలక ఒకటుంది. దాని మీదకెక్కి, గేటు ఊచలు పట్టుకుని దాటాలి. వేరే దారి లేదు.

తెల్లారి చూస్తే ఆ పలక మీదే పడున్నాడు... ఒంటి మీద చిన్న గాయం కూడా లేదు. గుండె ఆగిందన్నారు డాక్టర్లు. తెరేసమ్మ తీసుకుపోయిందన్నారు మా వీధివాళ్లు. గేటు పట్టుకున్నాడుగా మరి... ఆవిడ ఊరుకుంటుందా?

అక్కణ్ణించి ఇంక మొదలు. గేటు దగ్గర కాళ్లు జివ్వుమన్నాయని ఒకరు. కుక్క అక్కడిదాకా వచ్చి కుయ్యోమని పారిపోయిందని ఒకరు. నేనూ తక్కువ తినలేదులెండి. "ముసల్దానికి చచ్చినా గేటు మీద ఆశ చావలేదు" అని నా నోటితో నేనే నలుగురికీ చెప్పాను. నా పేరు రావమ్మ. జాకెట్లు కుడతాను. నాకు చెయ్యెంత ఆడుతుందో నోరూ అంతే ఆడుతుంది.

మా పక్క పోర్షన్లో ఈ ఉగాదికి మణికుమార్ అనే అబ్బాయీ, భార్య నాగమల్లేశ్వరీ అద్దెకొచ్చారు. అతనికి గవర్నర్‌పేటలో కంప్యూటర్లు బాగుచేసే షాపుంది. అది చాలదన్నట్టు ఇంట్లో హామ్ రేడియో ఒకటి! గవర్నమెంటు లైసెన్సు ఇస్తుందట. మేడ మీద వెదురుబొంగుకి తీగ కట్టి, ఫోనూ ఇంటర్నెట్టూ లేకుండా గాల్లోనే ఊళ్లతో మాట్లాడతాడు.

"చేతిలో ఫోనుండగా ఈ అవస్థేమిటయ్యా?" అని అడిగాను.

"తుఫానొచ్చి ఫోన్లన్నీ మూగబోయిన రోజు మాకోసమే వెతుక్కుంటారు పిన్నిగారూ" అన్నాడు.

సరే, బాగానే ఉంది. కానీ యాంప్లిఫయర్ పెట్టి గట్టిగా మాట్లాడాడంటే నా టీవీలోంచి వచ్చేది ఆయనగారి గొంతే. సీరియల్లో అత్తగారు కోడలి మీద నోరు తెరుస్తుంది — బొంగురుగా, ముక్కుతో మాట్లాడినట్టు, మణికుమార్ పలుకుతాడు! చెడామడా తిట్టాను. పాపం, నల్ల రింగు ఒకటి తెచ్చి టీవీ స్పీకరు వైరు దానికి నాలుగు చుట్లు చుట్టాడు. తగ్గింది.

అయితే నన్నేడిపించినందుకు అతనికీ శాస్తి జరిగింది. రోజూ చీకటి పడేసరికి అతని రేడియోలో గర్‌ర్‌ర్... అని ఒకటే హోరు. బందరులో జాన్‌బాబు అని అతని రేడియో స్నేహితుడున్నాడు, సాయంత్రమైతే ఇద్దరూ కబుర్లేసుకుంటారు. ఆయన మాట ఒక్క ముక్క వినబడితే ఒట్టు.

మొదట తన సామానే అనుమానించాడు. యాంప్లిఫయర్ తీసి పక్కన పెట్టాడు. హోరు పోలేదు. రేడియోని బ్యాటరీకి తగిలించి ఇంటి మెయిను ఆపాడు. పోలేదు. వెనకాల యాంటెన్నా తీగ పీకాడు — టక్కున పోయింది.

"అంటే మన సెట్టులో లోపం కాదు. బయట్నించి వస్తోంది" అన్నాడు. మర్నాడు నా ఇంటి మెయిను కూడా ఆపించాడు. నా ఫ్యాను ఆగింది కానీ అతని హోరు ఆగలేదు.

ఇంక లాభంలేదని ఒక సాయంత్రం చిన్న ట్రాన్సిస్టరు పట్టుకుని వీధిలోకి దిగాడు. ముల్లు ఏ స్టేషనూ రాని చోట పెట్టి, హోరు ఎటు పెరిగితే అటు నడవడం... తగ్గితే వెనక్కి రావడం. అలా నడుస్తూ నడుస్తూ సందులోకి తిరిగాడు.

"ఏవండీ, అటొద్దు!" అని మల్లేశ్వరి గుమ్మంలోంచి పిలుస్తూనే ఉంది.

ఆ తర్వాత జరిగింది అతనే నాకు చెప్పాడు. గేటు దగ్గరపడేకొద్దీ ట్రాన్సిస్టరు అరుపు పెరిగిపోయిందట. గాలి వీస్తే ఆ హోరు ఆగుతుంది... మళ్లీ మొదలవుతుంది... మళ్లీ ఆగుతుంది. ఎవరో ఏదో చెప్పబోయి, చెప్పలేక మింగేసినట్టు. లోపల కన్ను పొడుచుకున్నా కనబడని చీకటి. కరెంటే లేని ఇంట్లో ఆ మోత దేనిది?

"గేటు తీద్దామని చెయ్యి చాపాను పిన్నిగారూ. ఊచ దాకా వెళ్లింది... అక్కడ ఆగిపోయింది. ఎందుకాగిందో నాకు తెలీదు. వెనక్కి చూడకుండా వచ్చేశాను" అన్నాడు.

తెల్లారింది, ధైర్యమూ వచ్చింది. ట్రాన్సిస్టరు తీసుకుని మళ్లీ వెళ్లాడు. చప్పుడు లేదు. గేటు రెండు చేతులతో పట్టుకుని ఊపాడు. ఏమీ కాలేదు.

"చూశావా? ఏమీ లేదక్కడ" అన్నాడు పెళ్లాంతో.

"పట్టపగలు ఉంటుందా ఏమిటండీ?" అంది మల్లేశ్వరి. ఆ పిల్ల ఒక ఆసుపత్రి ల్యాబులో పనిచేస్తుంది, ఇంటికొచ్చేసరికి చీకటి పడుతుంది. ఎంత ఆలస్యమైనా కాలవ రోడ్డు మీంచే వచ్చేది.

అలా ఉండగా వానలు మొదలయ్యాయి. ఆ రోజు మధ్యాహ్నం నుంచి ఉరుమూ మెరుపూ లేకుండా ఒకటే ముసురు. సందె వేళకి నేను జాకెట్టు కత్తిరించుకుంటున్నాను. టీవీలో మళ్లీ ఆ బొంగురు గొంతు! ఒళ్లు మండింది. చేతిలో చెక్క స్కేలు చేతిలోనే ఉంది, గొడుగేసుకుని పక్కింట్లోకి వెళ్లాను.

మణికుమార్ మొహం వెలిగిపోతోంది.

"పిన్నిగారూ, హోరు పోయింది! వీధి లైట్లు వెలిగినా చప్పుడు లేదు. వినండి, జాన్‌బాబన్న గొంతు ఎంత బాగా వస్తోందో!"

అప్పుడే అతని ఫోను మోగింది. మల్లేశ్వరి. కాలవ రోడ్డంతా నీళ్లు నిలిచాయట, ఆటోవాడు రానన్నాడట, మెయిన్ రోడ్డు మీద దింపేశాడట.

"సందులోంచి వచ్చెయ్" అన్నాడు ఇతను. "ఇవాళ చప్పుడే లేదు. మీ తెరేసమ్మ గారు సెలవు పెట్టారు. పలక మీదెక్కి గేటు పట్టుకుని దాటెయ్, అంతే." నవ్వుతూ ఫోను పెట్టేశాడు.

నేనూ నవ్వాను.

ఆ నవ్వుతోనే మైకు అందుకుని జాన్‌బాబుకి ఆ సంగతంతా చెప్పాడు. రేడియోలో సన్నటి గాలి చప్పుడు... అంతే.

తర్వాత జాన్‌బాబు గొంతు, నెమ్మదిగా. "మణీ... ఆ హోరు వీధి లైట్లు వెలిగితేనే వస్తుందా? ఓవర్."

"అవునన్నా. పగలుండదు. ఓవర్."

"ఇవాళ వాన పడ్డాక ఆగిందా? ఓవర్."

"అవును. ఓవర్."

"గేటు... ఇనపదా?"

మణికుమార్ చెయ్యి మైకు మీద ఉండిపోయింది.

"మణీ, విను. కరెంటు తీగ ఇనుముకి అంటీ అంటకుండా ఉంటే, మధ్యలో కరెంటు దూకుతుంది. నువ్వు రోజూ విన్న హోరు అదే. అది ఆగిందంటే కరెంటు పోయిందని కాదు... తడిసి పూర్తిగా అంటుకుందని. గేటంతా కరెంటే. ముందు మరదల్ని ఆపు!"

ఫోను చేశాడు. మోగుతోంది... మోగుతోంది... ఎత్తలేదు. వానలో ఫోను సంచిలో పెట్టుకుని ఉంటుంది.

కుర్చీ ఎటు పడిందో, మైకు ఎటు పడిందో, పరుగు. "చెప్పులయ్యా!" అని అరిచాను, ఎవరు వింటారు? గొడుగు పట్టుకుని నేనూ వెనకాలే పరిగెత్తాను. ఈ వయసులో అలా ఎలా పరిగెత్తానో ఆ దేవుడికే తెలియాలి.

మా వైపు సందు మొదట్లోనే కరెంటు స్తంభం, దానికి వీధి లైట్ల స్విచ్చి పెట్టె. అతను తడి చేత్తో పట్టుకోబోయాడు. "ఆగు!" అని గొడుగు కింద పొడిగా ఉన్న స్కేలు చేతిలో పెట్టాను. దాంతో హ్యాండిల్ కిందికి కొట్టాడు.

సందంతా చీకటి.

"మల్లేశ్వరీ!"

పలకలేదు... వాన చప్పుడు తప్ప ఏమీ లేదు.

ఫోను లైటు వేసుకుని మోకాల్లోతు నీళ్లలో గేటు దాకా వెళ్లాం. లైటు గేటు మీద పడింది. ఎవరూ లేరు. పలక మీద పడింది.

పలక మీద ఒక చెప్పు. మల్లేశ్వరిదే. ఒక్కటే.

మణికుమార్ ఆ నీళ్లలో అలాగే కూలబడిపోయాడు. ఇందాక నవ్వానే... ఆ నవ్వు గుర్తొచ్చి నా చెంప నేనే కొట్టుకున్నాను.

"ఏవండీ... ఇక్కడున్నాను."

వెనక్కి తిప్పాడు లైటు. ఎదురు గోడకున్న రేకు చూరు కింద, తడిసి ముద్దై, సంచి గుండెలకి హత్తుకుని మల్లేశ్వరి! అతను వెళ్లి పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"ముట్టుకోలేదు కదా? గేటు ముట్టుకోలేదు కదా?"

"లేదండీ. పలకెక్కి చెయ్యి చాపాను. 'గేటు ముట్టుకోకమ్మా' అన్నారెవరో పెద్దావిడ. 'దిగి అటు పక్కకి పో' అన్నారు. తడబడి దిగేసరికి చెప్పు ఊడింది. ఇంతలో లైట్లు పోయాయి. ఆవిడ ఇంటికెళ్లిపోయుంటారు."

ఎవరో పుణ్యాత్మురాలు, సమయానికి బయటికొచ్చింది అనుకున్నాను. ఆ రాత్రి అంతకు మించి ఆలోచించే ఓపిక మాలో ఎవరికీ లేదు.

పొద్దున్నే లైన్‌మన్ నతానియేలు వచ్చాడు. కాగితం పూల చెట్టు కొమ్మలు నరికాడు. లోపల ఆర్చి మీద తీగ! ముందటేడు వినాయక చవితి పందిరికి సీరియల్ లైట్ల కోసం వీధి లైట్ల తీగకి కొక్కెం వేసి లాగారు. పందిరి విప్పారు గానీ తీగ విప్పలేదు. చుట్టిన టేపు ఎండకి రాలిపోయి, రాగి బయటపడి ఆర్చి మీద వాలింది. ఎవరు లాగారో వీధిలో అందరికీ తెలుసు. అడిగితే మాత్రం ఎవరికీ తెలీదు.

మమ్మల్ని దూరంగా జరగమని, స్విచ్చి వేయించి, గేటుకి టెస్టరు ఆనించాడు. భగ్గున వెలిగింది.

"రాత్రి వానలో దీన్ని పట్టుకున్నవాళ్లు బతకరమ్మా" అన్నాడు.

అందరికీ బసవయ్యే గుర్తొచ్చాడు. గుండె ఆగిందట! మనుషులు చేసిన పాపానికి పోయిన మనిషి మీద ఎన్నేసి మాటలు మోపాం... నాకు ఏడుపు ఆగలేదు. నతానియేలు తీగ కోసి కింద పడేశాడు.

మణికుమార్ ఇల్లిల్లూ తిరిగాడు. రాత్రి మా ఆవిడ్ని ఆపినావిడ ఎవరండీ, కాళ్లకి దణ్ణం పెట్టుకుంటాను అని. ఆ వానలో గడప దాటామన్నవాళ్లు ఒక్కరూ లేరు.

నాకెందుకో మనసు ఊరుకోలేదు. మల్లేశ్వరిని మా ఇంట్లో కూర్చోబెట్టి, టీ గ్లాసు చేతికిచ్చి అడిగాను. "ఎలా ఉంటుందే ఆవిడ?"

"సన్నగా, తెల్లచీరలో... మెళ్లో జపమాల ఉంది పిన్నిగారూ. కళ్లజోడు ఒక కాడ విరిగినట్టుంది, నల్లదారంతో చెవికి చుట్టుకున్నారు."

ఆ నల్లదారం నా మిషను మీంచి తెంపిచ్చింది నేనే. తెరేసమ్మ గారు పోవడానికి ముందు. ఈ పిల్ల అప్పటికి ఈ వీధి మొహమే చూడలేదు.

ఎదురింటి వైపు నిలబడ్డారని చెబితే బావుణ్ణు, ఇంకెవరో అయ్యుంటే బావుణ్ణు అనుకుంటూ అడిగాను.

"ఎక్కడ... ఎక్కడ నిలబడ్డారు?"

"గేటు దగ్గరే పిన్నిగారూ" అంది మల్లేశ్వరి, టీ ఊదుకుంటూ. "నేను ఏ ఊచ పట్టుకోబోతే ఆ ఊచ ఆవిడే పట్టుకున్నారు... నా చెయ్యి పెట్టడానికి చోటు లేకుండా."